నోరు తెరిచి అడగమన్న బాబాయి

బాబాయి పోయాడని పిన్నే ఫోన్ చేసింది. పొద్దున్నే దీపం పెట్టుకుంటున్నాను. "అమ్మాయ్, కాఫీ చల్లారిపోతోంది, మీ బాబాయి లేవట్లేదే," అంది. నాకు అర్థమైంది. హారతి ఇవ్వకుండానే పళ్ళెం కింద పెట్టాను. చీర మార్చుకున్నాను, తమ్ముణ్ణి లేపాను, తలుపు తాళం వేశాను. ఇవన్నీ వరసగా గుర్తున్నాయి. ఏడ్చినట్టు గుర్తు లేదు. ఇప్పటికీ ఏడుపు రాలేదు.

మాదీ వాళ్ళదీ భవానీపురమే, మధ్యలో రెండు వీధులు. బాబాయి మా నాన్నకి తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు ఓ చక్కెర ఫ్యాక్టరీలో టైమ్ కీపరుగా చేసేవాడు. అది మూతపడ్డాక చాన్నాళ్ళు ఖాళీగా ఉన్నాడు. తర్వాత ఓ లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చేరి అక్కడే రిటైరయ్యాడు. ఖాళీగా ఉన్న రోజుల గురించి పెద్దగా చెప్పేవాడు కాదు. కానీ బంధువుల్లోగాని వీధిలోగాని ఎవరి ఉద్యోగం పోయిందని తెలిసినా, చొక్కా వేసుకుని వాళ్ళింటికి బయల్దేరేవాడు. చావింటికి పలకరించడానికి వెళ్ళినట్టే వెళ్ళేవాడు.

"మనిషి పోతే ఊరంతా వస్తుంది. ఉద్యోగం పోతే ఉన్నవాళ్ళు కూడా మొహం తప్పిస్తారు. ఇదెక్కడి పద్ధతి?" అనేవాడు.

అయితే వట్టి చేతులతో వెళ్ళేవాడు కాదు. వేడి పునుగులు పొట్లం కట్టించుకుని వెళ్ళేవాడు. "ముందు తిను," అనేవాడు. ఏం జరిగిందని అడిగేవాడు కాదు. తిన్నాక వాళ్ళే చెప్పేవారు. అంతా విని, కోపం తర్వాత పడొచ్చు గానీ రిలీవింగ్ లెటర్, పీఎఫ్ కాగితాలు చేతికొచ్చాయా అని అడిగేవాడు. ఇంట్లో చెప్పావా అని అడిగేవాడు. "ఆ రోజే చెప్పెయ్యాలి. మర్నాటికి అది అబద్ధం అయిపోద్ది," అనేవాడు.

మా ఎదురింటి అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం పోయింది. కనపడ్డ ప్రతి కంపెనీకీ బయోడేటా పంపాను, ఒక్కరూ పలకలేదు తాతగారూ అని బాబాయి దగ్గర వాపోయింది.

"అందరికీ ఒకటే పంపావా?"

"ఒకటేనండీ."

"సంబంధానికి ఫోటో పంపినా, అవతలివాళ్ళని బట్టి చీర ఫోటోనో చుడీదార్ ఫోటోనో చూసి పంపుతారు కదమ్మా. బయోడేటాకి ఆ మాత్రం మర్యాద వద్దా?"

ఆ పిల్ల నవ్వింది. ఇంటికొచ్చాక నవ్వటం అదే మొదటిసారని వాళ్ళమ్మ తర్వాత నాతో అంది.

ఈ ఏడాది ఆ పునుగుల పొట్లం మా ఇంటికే వచ్చింది. మా తమ్ముడు రొయ్యల మేత కంపెనీలో డిస్పాచ్ చూసేవాడు. ఇక్కడి బ్రాంచి ఎత్తేశారు. వాడికి యాభై దగ్గర పడుతోంది. పిల్ల ఇంజనీరింగ్ చదువుతోంది. పనిలో వాడికి పేరుంది, చెరువుల వాళ్ళకి వాడంటే నమ్మకం. కానీ నోరు తెరిచి ఎవర్నీ ఏదీ అడగడు. చిన్నప్పుడు కూడా అంతే. విస్తట్లో కూర అయిపోతే వట్టన్నం తిని లేచేవాడు.

"తెలిసినవాళ్ళు ఇంతమంది ఉన్నారు, ఒక్కళ్ళకన్నా చెప్పావంట్రా?" అన్నాడు బాబాయి.

"వాళ్ళ ముందు చెయ్యి చాచమంటావా బాబాయ్?"

"చెయ్యి చాచొద్దు. నోరు తెరువు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నువ్వేమో అడక్కుండా కంపెనీ వాడు పెట్టాలంటావు."

మా మరదలు వంటింట్లోంచే అందుకుంది. "ఆయన అడగరు మావయ్యగారూ. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఏమీ అడగలేదు. మూగాయనేమోనని మా నాన్న కంగారుపడ్డాడు."

బాబాయి నవ్వి, వాడికి అడగటం నేర్పాడు. ఉద్యోగం ఇప్పించమంటే జనం పారిపోతారని, మీ దగ్గర పనెలా ఉంటుందండీ అని అడిగితే కూర్చోబెట్టి కాఫీ ఇస్తారని చెప్పాడు. పాత కంపెనీని ఒక్క మాట కూడా తిట్టొద్దన్నాడు. "వినేవాడు రేపు తననీ ఇలాగే తిడతాడనుకుంటాడు," అన్నాడు. తనే కంపెనీ వాడిలా కుర్చీలో కూర్చుని, "చెప్పండి, ఎందుకు మానేశారు?" అని అడిగేవాడు. మావాడు నేల చూపులు చూసేవాడు. "నేలకి కాదు, నాకు చెప్పు," అనేవాడు. రోజూ ఇదే. అలా మెల్లగా నలుగురితో మాట్లాడితే, ఒకాయన ద్వారా మంగళగిరి దగ్గర ఓ కోల్డ్ స్టోరేజీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆ ఉద్యోగం సరిగ్గా మావాడి పనే. వేసుకెళ్ళాల్సిన చొక్కా బాబాయే ఎంచి ఇస్త్రీకి ఇచ్చాడు.

ఇస్త్రీ చొక్కా వచ్చేసరికి బాబాయి లేడు.

బాబాయికి పిల్లల్లేరు. తలకొరివి మా తమ్ముడే పెట్టాడు. పెద్దకర్మ అయ్యేదాకా గడ్డం తీయకూడదు, పొలిమేర దాటకూడదు. ఇంటర్వ్యూ ఆ మధ్యలో పడింది. మంగళగిరి వెళ్ళాలంటే కృష్ణ దాటాలి. మావాడు ఆ సంగతే ఎత్తలేదు. పోతే పోయిందన్నట్టు బాబాయి ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. మా మరదలే కళ్ళు తుడుచుకుంటూ నాతో చెప్పింది.

ఆ మాట మా మేనత్త చెవిన పడింది. ఆవిడ బాబాయికి అక్క.

"కొరివి పెట్టినవాడు ఇంటర్వ్యూకెళ్ళడమేంటే? నా తమ్ముడి బూడిదన్నా చల్లారనివ్వరా?" అంది.

నాకు కోపం రాలేదు. ఆవిడ తప్పూ లేదు. మామూలుగా ఇలాంటప్పుడు దేవుడి ముందు కాసేపు కూర్చుంటాను. ఆ ఇంట్లో దేవుడి గది మూసి ఉంది. అందుకని పిన్ని పక్కన కూర్చున్నాను. పిన్ని గోడకి చేరబడి, పోయినరోజు నుంచీ అక్కడే ఉంది. ఎవరొచ్చినా తల ఎత్తట్లేదు. అన్నీ వింటూనే ఉన్నట్టుంది, నెమ్మదిగా అంది.

"వెళ్ళద్దంటే వెళ్ళడు. అడగద్దని ఎవరన్నారు?"

బయటికొచ్చి తమ్ముడితో అదే చెప్పాను. "వెళ్ళక్కర్లేదు. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు. ఏం చెయ్యమంటారో అడుగు."

వాడు నా వంక చూశాడు. లేచి, "అక్కా, చొక్కా ఇవ్వు," అన్నాడు.

"ఫోన్లో కనపడదు కదరా."

"అయినా ఇవ్వు."

పంచె మీద చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, పెరట్లో కొళాయి దగ్గర నిలబడి ఫోన్ చేశాడు. "నమస్తే అండీ... మా బాబాయిగారు పోయారండీ. కర్మ నేనే చేస్తున్నాను. ఆ రోజు రాలేను. కానీ ఈ పని నాకు కావాలండీ. ఎలా చెయ్యమంటారు?" అన్నాడు. నేల చూడలేదు, ఎదురుగా గోడ వంక చూస్తూ మాట్లాడాడు. అవతలాయన సానుభూతి చెప్పి, అదే రోజు అదే వేళకి వీడియోలో మాట్లాడదామన్నారట.

"గడ్డంతోనే?" అంది మేనత్త.

"గడ్డంతోనే," అన్నాడు మావాడు.



ఇంటర్వ్యూ రోజున ముందు గదిలో కిటికీ పక్కన బల్ల వేశాం. ఫోన్ నిలబెట్టాం. మా మరదలు కుక్కర్ దించేసింది. మావాడు చొక్కా సర్దుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే అవనిగడ్డ వైపు నుంచి మా బంధువులు ఆటో దిగారు. పలకరించడానికి వచ్చారు. వీధి మొదట్లోనే ఒకావిడ గొంతెత్తి ఏడవబోయింది.

అన్ని రోజులూ గోడ దగ్గర నుంచి కదలని పిన్ని లేచింది. వీధిలోకి నడిచి, రెండు చేతులూ అడ్డంగా ఊపింది. వాళ్ళు బిత్తరపోయి ఆగిపోయారు. మేనత్త ఆవిడ వెనకే వెళ్ళి, పెదాల మీద వేలు పెట్టి, "ఆగండర్రా. మావాడికి ఇంటర్వ్యూ," అంది.

అందరూ ఎదురింటి గోడ నీడలోకి జరిగారు. మగవాళ్ళు చెప్పులు చప్పుడు కాకుండా విడిచి పక్కన పెట్టారు. ఏడవబోయినావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకో ఆటో వచ్చింది. వాళ్ళూ దిగి, విషయం తెలుసుకుని, ఆ వరసలోనే నిలబడ్డారు. పిన్ని వెనక్కొచ్చి, గాలికి కొట్టుకోకుండా గేటు పట్టుకుని నించుంది. అంతమంది కళ్ళూ కిటికీ మీదే. లోపల మా తమ్ముడు మాట్లాడుతున్నాడు.