రెండు నెమళ్ళ లారీ

సినిమాల్లో నిఘా పెట్టేవాళ్ళకి ఆకలెయ్యదు. మొన్న టీవీలో ఒకటి చూశాను. భార్య పోయినవాడొకడు, ఆమె చావుకి కారణం అనుకున్న మనిషిని నెలల తరబడి కారులోంచి చూస్తూ కూర్చుంటాడు. వెనకాల వయొలిన్ ఏడుస్తూ ఉంటుంది. మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూస్తోంది. నాకు మాత్రం చిరాకేసింది. అన్ని నెలలు కూర్చున్నవాడికి నడుం నొప్పెట్టదు, దోమ కుట్టదు, ఎవరూ వచ్చి "ఏవండీ, ఎవరికోసమండీ?" అని అడగరు. ఒకప్పుడు నేనూ ఆ పని చేసినదాన్నే కాబట్టి చెబుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఏలూరులో ఉండేవాళ్ళం. నేను దెందులూరు దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. మా ఆయన తాడేపల్లిగూడెంలో ఒక ఆఫీసులో గుమాస్తా. రోజూ స్కూటర్ మీదే వెళ్ళొచ్చేవారు. రైలెక్కమంటే, "పాసింజరు ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలీదు" అనేవారు. ఒకరోజు పొద్దున భీమడోలు దాటాక మలుపులో స్కూటరు జారి ఆయన పోయారు. ఎవరూ గుద్దలేదు. ముందు వెళ్ళిన చేపల లారీ నుంచి కారిన నీళ్ళు రోడ్డు మీద ఉన్నాయి, అంతే.

కొల్లేటి చెరువుల్లో తెల్లవారుజామున పట్టిన చేపల్ని ఐసు వేసి ట్రేల్లో సర్ది హౌరా పంపిస్తారు. దారిలో ఐసు కరుగుతుంది. ఆ నీళ్ళు పోవడానికి లారీ కింద గొట్టం ఉంటుంది. ఊళ్ళో ఉన్నంతసేపూ గొట్టంలో గుడ్డ కుక్కి ఉంచుతారు, లేకపోతే జనం తిడతారు. ఊరు దాటగానే క్లీనరు దిగి గుడ్డ లాగేస్తాడు. చేప జిగురు కలిసిన ఆ నీళ్ళు నూనెలా జారతాయి. ఈ సంగతి ఆ దారిలో తిరిగేవాళ్ళందరికీ తెలుసు. చేపల లారీ వెనకాల వెళ్ళకూడదని నాకు చెప్పింది ఆయనే.

పోలీస్ స్టేషన్లో ఎస్సైగారు నాకు కుర్చీ వేయించి, ఎంతో మర్యాదగా, "నీళ్ళ మీద ఏం కేసు రాస్తామండీ?" అన్నారు.

ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఎవరో ఒక మనిషి కావాలి నాకు, ఎదురుగా నిలబెట్టి అడగడానికి. దేవుణ్ణి అడుగుదామంటే పాస్టరుగారి కూతుర్నైపోయాను, ఆ ధైర్యం లేదు. మలుపు దగ్గర టీ కొట్టు నడిపే ఆవిడ ఒక్క ముక్క చెప్పింది. "బండి నంబరు చూళ్ళేదండి టీచరుగారూ. వెనక తలుపు మీద రెండు నెమళ్ళ బొమ్ముందండి, మెడలు పెనవేసుకుని."

భూస్థాపన అయిన నెలకి నా కాపలా మొదలైంది. తొలి బస్సుకి భీమడోలు వెళ్ళి టీ కొట్టు బల్ల మీద కూర్చునేదాన్ని. ఎనిమిదిన్నరకి లేచి స్కూలుకి పరిగెత్తేదాన్ని. ఆదివారం చర్చి మానేశాను. లారీలకి ఆదివారం లేదు కదా. వెర్రి వెయ్యి విధాలంటారు, నాది లారీ వెర్రి.

మూడోవారంలో నెమళ్ళు కనిపించాయి. నంబరు రాసుకున్నాక ఇంకే లారీ వంకా చూడలేదు. అది లోడెక్కే ప్యాకింగ్ షెడ్డు కొల్లేటికోట వెళ్ళే దారిలో ఉందని వాకబు చేసి, సాయంత్రాలు స్కూలు వదలగానే అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఎవరైనా అడిగితే ట్యూషన్ పిల్లాడి ఇల్లు వెతుకుతున్నానని చెప్పేదాన్ని. డ్రైవరుకి యాభై ఏళ్ళుంటాయి. కుడికాలు కొంచెం ఈడ్చేవాడు. టీలో పంచదార వద్దనేవాడు. బన్ను కొంటే సగం క్లీనరుకి ఇచ్చేవాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. అతను నవ్విన రోజున నాకు అన్నం సయించేది కాదు.

ఇంటికి చేరేసరికి ఏడో ఎనిమిదో అయ్యేది. రెండో తరగతి చదివే మా అమ్మాయిని అత్తగారే చూసుకునేవారు. "అమ్మాయ్, పిల్ల సరిగ్గా తినట్లేదు" అంటే, "మీరున్నారు కదండీ" అనేదాన్ని. ఆవిడ కొడుకుని పోగొట్టుకున్న మనిషన్న సంగతి నాకు గుర్తే లేదు. ఏడవడానికైనా ఆవిడకి తీరిక ఇవ్వలేదు నేను.

నాలుగు నెలల తర్వాత ఒక రెండో శనివారం షెడ్డు దగ్గర అతని ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఎన్నోసార్లు మనసులో చెప్పుకున్న మాటలే. తేదీ చెప్పాను, మలుపు చెప్పాను, నెమళ్ళ బొమ్మ చెప్పాను. అతను నోట్లో బీడీ తీసి పారేశాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మగారండీ, ఒక్కసారి ఇలా రండి" అని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ ఆరు లారీలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నాలుగింటి మీద రెండేసి నెమళ్ళు, మెడలు పెనవేసుకుని.

"తాడేపల్లిగూడెంలో పెయింటరండీ. ఆయనకి బాగా వచ్చింది ఆ ఒక్క బొమ్మేనండి. ఈ చుట్టుపక్కల బళ్ళన్నీ ఆయన దగ్గరికే వెళ్తాయండి."

"అయితే మీ లారీ కాదంటారా?" అని అడిగాను.

"కాదని చెప్పలేనండి. ఆ రోజు నేనూ వెళ్ళే ఉంటాను. ఆ మలుపుకి ముందే అందరం గుడ్డ లాగేస్తామండి. ఎవరి నీళ్ళో ఎలా చెప్పనండీ?"

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. కసిరినా బాగుండేది. బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు, కాలు ఈడ్చుకుంటూ. బస్సులో నేను ఏడ్చిన ఏడుపు, ఆయన పోయిన రోజున కూడా ఏడవలేదు. కాపలా కాయడానికి ఇంక నాకు ఎవరూ మిగల్లేదు.

ఇంటికి వచ్చేసరికి నాలుగైంది. అత్తగారు పడుకున్నారు. మా అమ్మాయి కుర్చీ ఎక్కి గోడకున్న చర్చి క్యాలెండరు మీద పెన్సిల్‌తో ఏదో రాస్తోంది. దగ్గరికి వెళ్ళి చూశాను. తేదీల పక్కన చిన్న అంకెలు. ఏడు. ఏడున్నర. ఎనిమిది. మళ్ళీ ఏడు. వెనక పేజీలు తిప్పితే అక్కడా అవే.

"ఏంటమ్మా ఇవి?"

"నువ్వొచ్చిన టైము."

"ఎందుకూ?"

"నాన్న రాని రోజు ఎవ్వరూ టైము చూసుకోలేదు కదా" అంది.

మధ్యలో కొన్ని గళ్ళు ఖాళీగా ఉన్నాయి. అవేంటని అడిగాను.

"అప్పుడు నిద్దరొచ్చేసింది. పొద్దున్న లేచేసరికి నువ్వు లేవు. వచ్చావో రాలేదో తెలీలేదు."

"మామ్మని అడక్కపోయావా?"

"అడిగాను. వచ్చిందే అంది." కాసేపు పెన్సిల్ కొరికింది. "ఆ రోజు నాన్న కూడా వచ్చేస్తారనే చెప్పింది."

నేను కుర్చీ పట్టుకున్నాను. అది నా ముందే ఆ శనివారం గడిలో నాలుగు అని రాసింది. రాసి, నన్ను ఒకసారి, గడియారాన్ని ఒకసారి చూసుకుని, కుర్చీ దిగింది.