అక్క వేలిముద్రలు, బావ ఇంటి అడ్రసు

అక్క ఒక్క సంచీతో చెంగిచెర్ల నుంచి వచ్చి ఉప్పల్‌లో మా ఇంట్లో దిగినప్పుడు ఆమె ఎడమ మణికట్టు వాచి ఉంది. ఏమైందని నేను అడగలేదు. బావ చెయ్యి చేసుకోవడం మాకు కొత్త సంగతి కాదు. ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుని కీబోర్డు వాయించే మనిషి కాబట్టి బయటివాళ్ళెవరూ నమ్మేవారు కాదు. కేసు పెడదామంటే అక్క ఒప్పుకోలేదు. తను ఎక్కడుందో ఆయనకు తెలియకపోతే చాలంది. నేను ఇల్లు మారి కొన్నాళ్ళే అయింది, కొత్త ఇల్లు బావకు తెలియదు. ఆయన ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాను.

నాచారంలో చిన్నపిల్లల బడిలో అక్కకు ఆయా పని దొరికింది. ముక్కులు తుడవడం, డబ్బా విప్పి తినిపించడం, ఏడ్చేవాళ్ళను ఎత్తుకుని తిప్పడం. తనకు పిల్లలు లేరు, అందుకేనేమో అది ఆమెకు పనిలా తోచలేదు. సాయంత్రం ఇంటికొచ్చి వాళ్ళ మాటలన్నీ నాకు అప్పజెప్పి బుర్ర తినేది. ఆమె నవ్వడం చూసి చాలా ఏళ్ళయింది. అందుకని తిననిచ్చాను.

పని పక్కా కావాలంటే వేలిముద్రలు ఇవ్వాలి, ఇంటికి మనిషిని పంపి విచారిస్తారు అన్నారు. పిల్లల దగ్గర ఉండేవాళ్ళ గురించి విచారించడం మంచిదే, నేను కాదనను. ఆ రోజు నాకు సెలవు కావడంతో తోడు వెళ్ళాను. బడి తరఫున ఈ విచారణ చేసే ఏజెన్సీ ఆయన మెడలో టై, ముందు లాప్‌టాప్, పక్కన చిన్న మిషన్. అక్క సబ్బుతో చేతులు కడుక్కొచ్చి, ప్రార్థనకు కూర్చున్నట్టు కూర్చుంది. ఆయన ఆమె వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని గాజు మీద నొక్కాడు. తెర మీద అక్క ఫోటో, దాని కింద చెంగిచెర్ల అడ్రసు వచ్చాయి. ఆధార్‌లో ఆమె ఇంకా బావ ఇంట్లోనే ఉంది.

"ఆ ఇంటికి ఎవర్ని పంపకున్రి సార్. ఆమె అక్కడ ఉంటలేదు," అన్నాను.

"సిస్టంల ఏ అడ్రసు ఉంటే ఆడికే పోతరు మేడం."

"మరి పంపే ముందు ఆమెను అడగాలె గదా?"

"అడిగినట్టే. పర్మిషన్ కాడ నేనే టిక్కు కొట్టిన. అదంత సదువుకుంట కూసుంటే పొద్దువోతది."

అక్క నా మోచెయ్యి గిల్లింది. "జర ఊకోయే. నా పని వోగొడ్తవా ఏంది? నేనేమన్న దొంగనా, భయపడనీకి? వాళ్ళు నేనేడున్ననో ఆయనకు జెప్తరా?"

నేను ఊరుకునే రకం కాదు. బడి మేడం దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఏజెన్సీ రూలు, తన చేతిలో ఏమీ లేదంది.

వారం తిరక్కముందే, బడి వదిలే వేళకు బావ గేటు దగ్గర నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వు ముఖం. విచారణకు వెళ్ళిన మనిషే అక్క ఎక్కడ పని చేస్తోందో ఆయనకు చెప్పి, ఈమె మంచిదేనా అని అడిగి వెళ్ళాడట. "ఇంటికి నడువు," అంటూ బావ అదే మణికట్టు పట్టి లాగాడు. అక్క చంకలో ఉన్న పిల్ల కెవ్వుమంది. పిల్లల కోసం వచ్చిన తల్లిదండ్రులు అడ్డం పడి విడిపించారు.

ఆ సాయంత్రమే మేడం ఫోన్ చేసింది. "నీ తప్పేం లేదమ్మా. రిపోర్టు గూడ మంచిగనే వచ్చింది, ఏ కేసు లేదు. కాని పేరెంట్స్ భయపడ్తున్నరు. రేపటి నుంచి రాకు."

కేసు బావ మీద కూడా లేదు. ఆయన వేళ్ళు ఎవరూ అడగలేదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గేటు దగ్గరి నుంచి అక్క ఎక్కిన ఆటో వెనకాలే బావ వచ్చి మా ఇల్లు కూడా చూసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే అక్క సంచీ సర్దుకుంది. ఎక్కడికని ఎంత అడిగినా చెప్పలేదు.

"నీ మీద నమ్మకం లేక కాదు చెల్లె. ఆయనొచ్చి అడిగితే నీ మొఖంల కనవడ్తది," అంది.

నేను గట్టిగా ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

బావ అప్పుడప్పుడు మా వీధి చివర కనిపిస్తాడు. అక్క ఎప్పుడో ఒకసారి ఫోన్ చేస్తుంది, ప్రతిసారీ వేరే నంబరు. తిన్నావా అక్కా అని అడుగుతాను. తిన్నానంటుంది. ఎక్కడ తిన్నావని అడగాలని నోటిదాకా వస్తుంది, అడగను.