లెక్కలోకి రాని కాఫీ

మా ఊరు ఎడిసన్ నుంచి ఫిలడెల్ఫియాకి రైల్లో వెళ్ళాలంటే ట్రెంటన్‌లో దిగి మారడం చవక. కారులో అయితే గంటంబావు. ఆ గంటంబావు నేను నడపవచ్చా లేదా అన్నది తేల్చుకోవడానికే 2011 అక్టోబరులో ఈ ప్రయాణం చేశాను.

నాకు ఎం.ఎస్. అని తేలి ఎనిమిదేళ్ళయింది. మెదడులో, వెన్నుపాములో నరాల మీది పొర దెబ్బతినే జబ్బు. కాళ్ళ తిమ్మిర్లతో సర్దుకుపోయాను. ధ్యాస నిలవకపోవడంతోనే సర్దుకోలేకపోయాను. ఆఫీసులో ఒకే ఈమెయిల్‌ని మూడుసార్లు చదివేదాన్ని. జూన్‌లో ఒకరోజు మా అమ్మాయి సాహితిని స్విమ్మింగ్ నుంచి తీసుకొస్తూ ఎర్రలైటు దాటేశాను. లైటు కంటికి కనబడింది, మనసుకి ఎక్కలేదు. పక్కనుంచి వచ్చిన వ్యాను అతను బ్రేకు వేశాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. వెనకసీట్లోంచి ఆ తొమ్మిదేళ్ళ పిల్ల, “నేను డాడీకి చెప్పను అమ్మా, ఇట్స్ ఓకే,” అంది. నేనూ చెప్పలేదు. అప్పటినుంచి నేను నడిపినా, మా ఆయన మురళి నడిపినా, ప్రతి సిగ్నల్ దగ్గరా “రెడ్”, “గ్రీన్” అని చెప్పడం దానికి అలవాటైంది. మురళి దాన్ని కో-పైలట్ అని ఏడిపించేవాడు. నేనూ ఆటే అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉండేది.

ధ్యాస సంగతి చెబితే నా న్యూరాలజిస్టు ఫిలడెల్ఫియాలోని ఒక క్లినిక్‌కి పంపారు. నిలకడలేని పిల్లలకిచ్చే ఉత్తేజక మాత్రని ఎం.ఎస్. ఉన్న కొందరికీ ఇచ్చి చూస్తారట. అందరికీ పనిచేస్తుందని చెప్పలేమని ముందే అన్నారు. మొదటిసారి మాత్ర లేకుండా పరీక్ష. తర్వాత రెండు వారాలు మాత్ర. ఇప్పుడు మాత్ర వేసుకుని మళ్ళీ అదే పరీక్ష. తేడా బాగుంటే మందు కొనసాగుతుంది. లేకపోతే ఉద్యోగం, కారు, రెండూ నా చేతుల్లో ఉండవని నా భయం.

మురళి స్టేషన్లో దింపాడు. ఆరూ యాభై రైలు ఎక్కితే ట్రెంటన్ ఏడున్నర దాటాక వచ్చింది. అక్కడ రెండో టికెట్ విడిగా కొనాలి. మెషిన్ ముందు వరుస ఉంటుంది, పది నిమిషాలు చేతిలో ఉంచుకోండి. ఫిలడెల్ఫియా రైల్లో నా ఎదుట ఒక పెద్దాయన కూర్చున్నారు. ఎప్పుడో డెబ్బైల్లో కాకినాడ నుంచి వచ్చిన కెమిస్టు, ఇప్పుడు రిటైరయ్యారు.

“తెలుగువాళ్ళేనామ్మా?” అంటూ ఫ్లాస్కు మూతలో కాఫీ పోశారు.

“వద్దండీ, ఇవాళ నాకు టెస్టులున్నాయి.”

“టెస్టులైతే తినకూడదు గానీ కాఫీకేముందమ్మా? మా అమ్మ ఏకాదశి ఉపవాసం ఉండి కూడా రెండు గ్లాసులు లాగించేది.”

నవ్వేశాను. మా ఇంట్లోనూ అంతే. ఉపవాసమన్నా, పొద్దున్నే ఏమీ తీసుకోవద్దన్నా కాఫీ మాత్రం లెక్కలోకి రాదు. మాత్ర మొదలయ్యాక కాఫీ తాగితే గుండె దడదడలాడుతోందని నేనే మానేశాను. ఆయన ఏమీ అనుకోకుండా ఆ కాఫీ తనే తాగారు.

ఎనిమిది యాభైకి దిగి, నెమ్మదిగా నడిచి, తొమ్మిదింబావుకి క్లినిక్ చేరాను. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి ఒక్కో అంకె వినిపిస్తారు. ప్రతి అంకెనీ దానికి ముందుదానితో కలిపి పైకి చెప్పాలి. వినడానికి తేలికే, కానీ చెమటలు పడతాయి. గంటన్నర పట్టింది. ఫలితం కోసం ఆగమన్నారు. బయట బెంచీ మీద కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాను.

పన్నెండున్నరకి డాక్టరమ్మ పిలిచింది. నెరిసిన జుట్టు, తొందరలేని మనిషి. “తేడా చాలా తక్కువ,” అంది. “ఇంతమాత్రానికి ఇలాంటి మందు కొనసాగించమని నేను రాయలేను.”

మాత్ర వేసుకున్న ఆ రెండు వారాలూ ధ్యాస కాస్త నిలిచిందనుకున్నది నా ఊహేనా? అప్పుడు గుర్తొచ్చింది పెద్దాయన ఫ్లాస్కు.

“డాక్టర్, మొదటిసారి వచ్చిన రోజు కాఫీ తాగాను. రెండు గ్లాసులు, బాగా చిక్కగా.”

“కాఫీ, టీ వద్దని కాగితంలో ఉంది కదా?”

“ఉంది. మా ఇళ్ళలో కాఫీని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.”

ఆమె కలం కింద పెట్టింది. కాఫీ కూడా ఉత్తేజకమే, అయితే ఆ రోజు మీరు అది లేకుండా రాలేదన్నమాట, పోలిక చెల్లదు, అంది. కోప్పడలేదు. “ఇలా లెక్కలోకి రావని మీరు వదిలేసినవి ఇంకేమైనా ఉన్నాయా?”

మామూలుగానే అడిగింది. కానీ మొదటిసారి వచ్చినప్పుడు నింపిన ఫారం నా కళ్ళ ముందు మెదిలింది. డ్రైవింగ్‌లో ఏమైనా జరిగిందా అన్న చోట ‘లేదు’ అని టిక్కు పెట్టాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి అది జరగనట్టే. చెప్పేశాను, ఎర్రలైటు, వ్యాను, అన్నీ. సిగ్గుతో ముఖం వేడెక్కిపోయింది.

“మూడు వారాల్లో మళ్ళీ రండి. మాత్రా వద్దు, కాఫీ కూడా వద్దు,” అంది. “డ్రైవింగ్ పరీక్ష విడిగా చేయిస్తాం. అందాకా కారు నడపకండి. మాత్ర పనిచేసినా నాలుగు గంటలే, ఆ తర్వాత మీరు మీరే.”

రెండున్నర రైలెక్కేసరికి మాత్ర ప్రభావం దిగిపోయింది. స్టేషన్ల పేర్లు చదువుతూనే మరిచిపోతున్నాను. ట్రెంటన్ దాటిపోకుండా ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. నాలాంటివాళ్ళు ఈ దారిన వెళితే ఆ పని తప్పక చేయండి. ఇంత దూరం వెళ్ళి నేను తెచ్చుకున్నది మందుచీటీ కాదు. అయినా కిటికీ పక్కన కూర్చుంటే ఒళ్ళు తేలికగా ఉంది.

నాలుగూ నలభైకి ఎడిసన్. మురళి, సాహితి కారులో ఉన్నారు. బెల్టు పెట్టుకుంటూనే ఎర్రలైటు సంగతి చెప్పాను, లేకపోతే మళ్ళీ వాయిదా వేస్తానని తెలుసు.

“ఎప్పుడు జరిగింది?” అన్నాడు మురళి.

“జూన్‌లో.”

“నాకెందుకు చెప్పలేదు?”

“కీస్ తీసేసుకుంటావని.”

నా తాళంచెవి తీసి గేరు పక్కన పెట్టాను. వెనకనుంచి సాహితి, “సో ఇంక నేను చూడాల్సిన అవసరం లేదా?” అంది.

“లేదు తల్లీ. డాడీ చూస్తాడు.”

ఓక్ ట్రీ రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగాం. ఎరుపు పోయి పచ్చ వచ్చింది. వెనకనుంచి మాట లేదు. తిరిగి చూస్తే పిల్ల నోరు తెరుచుకుని నిద్రపోతోంది. జూన్ తర్వాత అది కారులో నిద్రపోవడం అదే మొదటిసారి.