ఫ్లెక్సీలో లేని నా ఫోటో

మేము పదో తరగతికి వచ్చేనాటికి ఇంటింటికీ ఫోన్లు వచ్చాయి కానీ, మా సర్కారు బడి సార్లకు వాటి మీద నమ్మకం తక్కువ. పిల్ల బడికి రాకపోతే బండేసుకుని ఇంటి ముందుకే వచ్చేవారు. తొర్రూరు దగ్గర ఓ చిన్న టౌను మాది. (టౌనని మేమే అనుకునేవాళ్లం, బస్సు కండక్టర్లు ఒప్పుకునేవారు కాదు.) ఆ ఏడు పదిలో ఒక్కరు కూడా తప్పకూడదని సార్లంతా పట్టుబట్టి, చదువులో వెనకబడ్డ వాళ్లను తలా కొందరిని దత్తత తీసుకున్నారు. లెక్కల సారు వాటాకు నేను వచ్చాను. పాపం, ఆయన జాతకం అలా ఉంది. మిగతా అందరూ గట్టెక్కుతారట, అనుమానమంతా నా మీదే.

సరిగ్గా పరీక్షల ముందే మా వైపు మిర్చి ఏరే కాలం. అమ్మ నన్ను చేనుకు తీసుకుపోయింది. నాకు లోపల సంతోషమే, మిరపకాయలు ఎవరినీ సూత్రాలు అడగవు కదా! మర్నాడే చేను ఒడ్డున సారు బండి ఆగింది.

"అక్కా, పరీక్షలు ముంగట వెట్టుకొని పిల్లను గిట్ల తోలుకొస్తే ఎట్ల?"

"పంపుత సారూ, జర గీ సాళ్లు అయిపోనియ్. కూలోళ్లు సరిపోతలేరు" అంది అమ్మ.

సారు చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, తెల్ల చొక్కాతోనే మా సాల్లోకి దిగాడు. కాయలు కోస్తూ, "చెప్పు, త్రిభుజం వైశాల్యం ఎట్ల కడతరు?" అన్నాడు. పారిపోదామంటే అటు అమ్మ, ఇటు సారు. నేను తప్పు చెబితే కూలికొచ్చిన అక్కలు నవ్వారు, ఒప్పు చెబితే సారుతో పాటు వాళ్లూ తలూపారు. ఇంతలో సారు చెమట తుడుచుకుంటూ అదే చేత్తో కళ్లు రుద్దుకున్నాడు.

"అవ్వో! కండ్లు ముట్టకు సారూ!" అని అక్కలు అరిచేలోపే అంతా అయిపోయింది. బిందెడు నీళ్లు ముఖాన కుమ్మరించారు. ధారగా కారుతున్న కళ్లతోనే సారు, "వైశాల్యం... చెప్పినవా, లేదా?" అన్నాడు. అమ్మ మనసు కరిగిపోయింది. "పో బిడ్డా, బడికి పో. సాళ్లు నేను జూసుకుంట. గీ సారుకు కండ్లు పోయేటట్టున్నయ్."

ఫలితాలొచ్చాయి. లెక్కల్లో నేను అంచు మీద నిలబడి పాసయ్యాను. బస్టాండు దగ్గర బడి వాళ్లు ఎక్కువ మార్కులొచ్చిన పిల్లల ఫోటోలతో ఫ్లెక్సీ కట్టారు. అమ్మ దాని ముందు నిలబడి నా ముఖం వెతికింది. నేను సిగ్గుతో తన కొంగు లాగుతున్నా కదల్లేదు. అటుగా వచ్చిన లెక్కల సారునే ఆపింది. "మా పిల్ల ఫోటో ఏది సారూ?"

సారు నవ్వలేదు. ఫోటోల పైనున్న పెద్ద అక్షరాలు చూపించాడు. "గా మీద 'అందరూ పాస్' అని రాసినం అక్కా. గీ ఫోటోలల్ల ఉన్నోళ్లు ఎట్లనన్న పాసయ్యేటోళ్లే. నీ బిడ్డ పాసయింది గాబట్టే గా మాట రాసుకున్నం."

అమ్మకు చదువు రాదు. ఆ అక్షరాలనే కాసేపు చూసి, బస్సు కోసం నిలబడ్డ వాళ్లందరికీ, "గదే, గా పెద్దగున్నదే మా బిడ్డది" అని చూపించింది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఇప్పుడైతే అప్పటి నన్ను తలచుకుంటే ముద్దొస్తుంది, ఆ సారుకు దండం పెట్టాలనిపిస్తుంది. ఎండాకాలం ఊరికి వెళ్తే ఆ చోటే కొత్త ఫ్లెక్సీ కనిపిస్తుంది. ఫోటోల కంటే ముందు పై అక్షరాలే చదువుతాను. ఈ ఏడు వాటి వెనక ఏ మొద్దుపిల్ల నక్కి ఉందో అని నవ్వుకుంటాను.