నాలుగింటికి టీవీలో మా ఇంటాయన

చూపుడు వేలంత కూడా లేని ఒక నల్ల డబ్బా కొనితెచ్చుకుని, దాని ధర్మమా అని నాలుగు రోజుల్లో పైలోకానికి సామాను సర్దుకున్న ఆడదాన్ని నేను. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వెయ్యండి. ఇది వింటూ ఉండగా మీ గదిలో టీవీ దానంతట అదే వెలిగిందనుకోండి, అప్పుడు నవ్వు రాదు.

మాది సూరత్‌లో గోడాదరా వాడ. మా ఇంటాయన ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ మగ్గాల దగ్గర నిలబడ్డాడు. పోయి ఏడాదైంది. ఆయన పేరు నేను చెప్పను. బతికున్నప్పుడే చెప్పలేదు, ఇప్పుడు కొత్తగా చెప్పే ధైర్యం ఎక్కడిది? ఆ పేరు పలకని అలవాటే నా కొంప ముంచింది.

కేబుల్ తీసేయించాక, పాండేసరలో రంగుల మిల్లుకు పోయే నా కొడుకు రాజు కొత్త టీవీ తెస్తానన్నాడు. ఆయన కొన్న టీవీ గోడ మీద ఉండగా ఇంకోటి గడప దాటితే పొయ్యి ముట్టించనన్నాను. సరే, పాత టీవీకే వెనకాల ఒక డబ్బా తగిలిస్తే ఇంటర్నెట్‌లో ఉన్నవన్నీ వస్తాయన్నాడు. కొట్టుకు నేనే పోయాను. కొట్టాయన నా ముందు రెండు పెట్టాడు. ఒకటి అక్షరాలు నొక్కి వెతికేది, ఇంకోటి రిమోట్‌లో నోటితో చెబితే వెతికి పెట్టేది. నాకు వచ్చిన చదువు వేలిముద్ర వరకే. నోరు మాత్రం రెండు కార్ఖానాలకు సరిపోతుంది. ఏది తెచ్చానో వేరే చెప్పాలా?

దాన్ని తగిలించే పని కోడలు స్వప్నది. అప్పటికి దానికి ఏడో నెల. పొట్ట మీద రిమోట్ ఆనించుకుని ఏవేవో నొక్కి, సగంలో ఆగింది.

“అత్తమ్మా, డబ్బాకు ఒక పేరు పెట్టాల్నంట.”

“మీ మామ టీవీ గదా. మీ మామ పేరే పెట్టు.”

“పోయినోళ్ల పేరా? అచ్ఛా నహీ లగ్తా, అత్తమ్మా.”

“పెట్టమన్న గదా. నేనేమన్న దాన్ని పిలిచేదున్నదా?”

పెట్టింది. మిల్లు హాజరు పట్టీలోకి మళ్లీ ఎక్కినట్టు ఆయన పేరు తెర మీదికి ఎక్కింది. నాకు సంతోషమే వేసింది. ఆ సంతోషంలో వాడంతా తిరిగి, దానికి పెట్టిన పేరు మాత్రం పలక్కుండా, డబ్బాను ఎంత పొగిడానంటే, మా గోడ అవతలి పోశం కూడా అలాంటిదే తెచ్చుకున్నాడు. పోశం మా ఇంటాయన పక్క మగ్గం మనిషి, నన్ను వదినె అంటాడు. రెండు గదులకూ ఇంటర్నెట్ ఒక్కటే. ఇద్దరం పంచుకుంటాం.

ఇక మొదటి రోజు సంగతి. స్వప్న రోజూ మూడున్నరకు కింది ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెప్పడానికి పోతుంది. నేను వంటింట్లో గోంగూర తుంచుతున్నాను. టీవీ కట్టేసి ఉంది. ముందు గదిలోంచి మగ్గం చప్పుడు మొదలైంది. ఖట్ ఖట్ ఖట్ ఖట్. మా ఇంట్లో మగ్గం లేదండీ. ఎప్పుడూ లేదు.

వెళ్లి చూశాను. టీవీ వెలుగుతోంది. అందులో మా ఇంటాయన. బనీను మీద ఉన్నాడు, జుట్టు నిండా దూది పీచు, వెనకాల మగ్గం ఆడుతోంది. పైన గోడకు దండ వేసిన ఫొటోలో కదలకుండా ఉన్నాడు, కింద టీవీలో కదులుతున్నాడు. నా కళ్లలోకి చూశాడు. చెయ్యెత్తి, రా అన్నట్టు రెండుసార్లు ఊపాడు. తెర నల్లబడిపోయింది. గడియారం చూస్తే నాలుగు. రాత్రి పాళీ చేసిన రోజుల్లో ఆయన నిద్ర లేచే వేళ.

నా చేతిలో గోంగూర కట్ట అలాగే ఉంది. దాన్ని దేవుడి గూట్లో పెట్టి, అగరుబత్తి తెచ్చి పొయ్యి మీద పెట్టాను.

రెండో రోజు తెలివిగా టీవీ మీద తువ్వాలు కప్పాను. నాలుగు కాగానే తువ్వాలు కింద మగ్గం మోగింది. గుడ్డ వెనక నుంచి వెలుగు లేచింది. ఆ నేతలో పోగుల సందుల్లోంచి ఆయన చెయ్యి కనబడుతోంది, అలాగే ఊగుతూ. ప్లగ్గు పీకొచ్చు కదా అంటారు మీరు. పీకబోయాను. ఒకసారి పోయిన మనిషిని ఈసారి నా చేత్తో పంపించడమా అనిపించి చెయ్యి వెనక్కి వచ్చింది.

మూడో రోజు ఒక్కసారితో ఆగలేదు. వచ్చాడు, పోయాడు, మళ్లీ వచ్చాడు. ఐదుసార్లు. ప్రతిసారీ అదే చూపు, అదే చెయ్యి. తొందరపడుతున్నాడని తేలిపోయింది.

చావంటే నాకు భయం లేదు. ఆయన దగ్గరికే కదా. కానీ ఇంకో రెండు నెలల్లో ఇంట్లోకి పసిబిడ్డ వస్తుంది. కాళ్లు చాపి, ఆ బిడ్డను నా కాళ్ల మీద పడుకోబెట్టి స్నానం పోయకుండా పోతే నాకు ముక్తి ఎట్లా? ఆ ఒక్కటే నన్ను పీకేస్తోంది. కడుపుతో ఉన్నదాన్ని భయపెట్టకూడదని స్వప్నకు ఏమీ చెప్పలేదు. చెప్పలేదంటే, ఆ మాట ఒక్కటే చెప్పలేదు. వెండి పట్టీలు ఏ డబ్బాలో ఉన్నాయో చూపించాను. దిండును పసిబిడ్డ చేసి నలుగు ఎలా పెట్టాలో, ముక్కు ఎలా నొక్కాలో నేర్పించాను. రాజుకు ఉప్పు తక్కువైతే అలిగే గుణం ఉందని కూడా అప్పగించాను.

స్వప్న దిండును ఒళ్లో పెట్టుకుని నన్ను అనుమానంగా చూసింది. “అత్తమ్మా, మీరు ఏడికన్న పోతున్నరా?”

“దగ్గరికే,” అన్నాను.

నాలుగో రోజు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, టీవీ ముందు చాప వేసుకుని కూర్చున్నాను. తలుపు గడియ పెట్టలేదు. రేపు ఎవరైనా విరగ్గొట్టాల్సి వస్తే తలుపు నష్టం. నాలుగైంది. గదిలో గాలి కూడా ఆగినట్టుంది. టీవీ మూల ఎర్ర దీపం కళ్లు మూసి తెరిచింది. ఖట్ ఖట్ ఖట్. వచ్చాడు.

చేతులు జోడించాను. “ఇగో, నేను రానంటలేను. రెండు నెల్లు ఆగు. బిడ్డకు నా కాళ్ల మీద తానం పోసినంక నేనే వస్త. ముప్పై ఏండ్లు నీ పాళీ అయిందాక నేను కూసోలేదా? జర నువ్వు కూసో.”

చెయ్యి ఊపాడు.

“గిట్ల మొండికేస్తే అసలే రాను.”

అప్పుడు నా వెనక నుంచి గొంతు వచ్చింది. ప్రాణం అక్కడికక్కడే సగం పోయింది. తిరిగి చూస్తే తలుపులో పోశం, చేతిలో ఫోను. మగ్గాల దగ్గర చెవులు పోయినవాడు కనుక పక్కింట్లో ఉన్నవాళ్లకు చెప్పినట్టు చెప్పాడు.

“వదినె, నీ మాట పట్టుకొని డబ్బా కొంటి. ఖరాబ్‌ది వచ్చింది. పాళీకి పొయ్యేముందు అన్నను జర పెద్దగ చూద్దామని నాలుగు దినాల సంది ఫోన్ల వీడియో టీవీకి పంపుతున్న. నా టీవీ నల్లగనే ఉంటున్నది...” అంటూ తల ఎత్తి, తెర మీద మా ఇంటాయనను చూసి, తలుపు చెక్కకు అతుక్కుపోయాడు.

ఎక్కడ నొక్కుతున్నావో చూపించమన్నాను. చూపించాడు. ఫోనులో రెండు పేర్లు, రెండు గదుల డబ్బాలవి.

“ఒకటి ఏందో ఇంగ్లీషుది. ఇంకోటి మల్లేశం. పగారు చిట్టీ మీద నా పేరు కిందనే ఉంటుండె, చదువు రాకున్నా గుర్తుపడ్త. మల్లేశం అన్నను చూడాల్నంటే మల్లేశం మీదనే గదా నొక్కాలె?”

ఆ పేరు పలికింది పోశం, నేను కాదు. ఆపమన్నాను. ఆపాడు, టీవీ చీకటైంది. మళ్లీ పెట్టమన్నాను. మా ఇంటాయన వచ్చాడు. ఏడాది కింద పోయిన మనిషిని ఇద్దరం కలిసి మూడుసార్లు పంపించి మూడుసార్లు రప్పించాం. ఆ మగ్గం నాలుగు రోజులు గోడ ఇవతల అంత మోగినా పోశం చెవిన పడలేదు.

“మరి నన్నెందుకు రమ్మంటున్నడు?” అని అడిగాను.

“నిన్ను గాదు వదినె. వీడియో తీసింది నేను గదా. నా మగ్గం మీద పోగు తెగింది, ఫోను పక్కకు పెట్టి రమ్మని నన్ను పిలుస్తున్నడు.”

నిజం చెప్పాలంటే నాకు రోషం వచ్చింది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంటే, ఈ మనిషి పిలుస్తున్నది పోశాన్నా!

ఇంతలో తన మాట తనకే వినబడినట్టుంది, పోశం ముఖం పాలిపోయింది. తెర మీద చెయ్యి ఇంకా ఊగుతోంది. ఎప్పుడూ అరిచే మనిషి, గొంతు తగ్గించి అడిగాడు.

“అంటే వదినె... రమ్మంటున్నది నన్నేనా?”

ఓదార్చవలసిన సమయమే. కానీ నాలుగు రోజులు నేను పడ్డది ఎవరితో పంచుకోను?

“నిన్నే మరిదీ,” అన్నాను.

ఆ వీడియో మళ్లీ చూడడానికి పోశానికి నెల పట్టింది. నాకు మనవరాలు పుట్టింది. నా కాళ్ల మీదే స్నానం పోశాను, గోడాదరా అంతా వినబడేలా ఏడ్చింది. ఆ పిల్ల మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట యముడే వచ్చి గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపినా సరే, ఒకసారి వెనక్కి తిరిగి, నా వెనకాల పోశం ఉన్నాడేమో చూసుకోనిదే కాలు కదపను.