జీడితోటల మధ్య జపాను దిబ్బ

జపానులో ప్రాచీన రాజులను పాతిపెట్టిన మట్టిదిబ్బలు పల్లెల్లో, వరిచేల మధ్య, చెట్లు కప్పుకొని ఉంటాయని కొంతకాలంగా చదువుతున్నాను. పైనుంచి చూస్తే తాళంకప్ప రంధ్రంలా కనిపిస్తాయట. ఒకవైపు గుండ్రటి గుట్ట, దానికి ముందు వెడల్పవుతూ పోయే తోక. స్వయంగా వెళ్లి చూడాలన్న నా ప్రతిపాదనను ఇంట్లో స్వీకరించి, చర్చ లేకుండా తిరస్కరించారు. ఆ దశలో పలాసను ఆనుకొనే ఉన్న కాశీబుగ్గలో ఉండే మా బావ ఫోనుకు ఒక చిత్రం పంపాడు. ఉపగ్రహ పటంలో, సోంపేట అవతల సముద్రం వైపు, ఉద్దానం తోటల మధ్య అచ్చంగా అదే ఆకారం. "జపానెందుకు బావా, మనకాడే ఉంది సూడు" అని కింద రాశాడు. మా బావ మాటను విచారణ జరపకుండా నమ్మకపోవడం మా కుటుంబంలో ఆనవాయితీ. కనుక విచారణకు బయల్దేరాను.

టెక్కలిలో ఉదయం ఆరు దాటాక బస్సెక్కితే నందిగాం మీదుగా పలాసకు ముప్పావుగంట లోపే చేరవచ్చు. జీడిపిక్కలు కాల్చే వాసన రాగానే ఊరొచ్చిందని గ్రహించాలి. బావ బస్టాండులో టీ ఇప్పించాడు. వెంట రమ్మంటే మాత్రం "నాను రాను బావా, పనుంది" అన్నాడు. ఆదివారం నాడు ఆయనకు పని ఉండటాన్ని నేను ప్రత్యేకంగా గమనించాను. అక్కడి నుంచి సోంపేటకు మరో బస్సు, గంట ప్రయాణం. సోంపేటలో ఆటో మాట్లాడుకున్నాను. అక్కడ వేచి ఉండటంతో కలిపి రానూపోనూ నాలుగు వందలు. డ్రైవరు పేరు ఢిల్లేశ్వరరావు, అందరూ ఢిల్లీ అంటారు. ఆ విధంగా ఢిల్లీ నా వెంట ఉండగా పర్యటన సాగింది.

చిత్రం చూపిస్తే అతను ఫోనును అటూ ఇటూ తిప్పి, "ఓ, తవిటమ్మప్ప దిబ్బా. పెద్దోల్ని పాతిన కాడ" అన్నాడు.

పెద్దలను పాతిన చోటు. రాజవంశమనే మాట అతను వాడలేదు గాని, అంత దిబ్బ కింద చిన్నవాళ్లను ఎందుకు పాతుతారు?

"అపీసర్లొచ్చి కంచె యేత్తారని అక్కడ పని ఆపీసినారు. ఆ అపీసరు మీరేనేటి?" అని అడిగాడు.

కాదన్నాను.

"అపీసర్లు అలాగే అంతారు" అని ఆటో స్టార్టు చేశాడు.

ఊరి పేరు రాయను. తోటలో సదరు దిబ్బ నిజంగానే ఉంది. ఇంటి కప్పంత ఎత్తు, గుండ్రటి తల, సాగిన తోక, మీద జిల్లేడు. పక్కనే ఒక పొక్లెయినరు చేయి వంచుకొని ఖాళీగా ఉంది. దాన్ని నడిపే డ్రైవరు దాని నీడలోనే కూర్చున్నాడు. జీడిచెట్టు కింద మొలకెత్తిన కొబ్బరి మొక్కలు పేర్చి, వాటికి తడిగోనెలు కప్పుతున్న ఆవిడే తవిటమ్మ. నన్నూ నా చేతిలోని కొలత టేపునూ చూసి నిటారుగా నిలబడింది.

"ఈ దిబ్బ ఎవరిదమ్మా?"

"పెంటదిబ్బ బాబూ. పెంటని కూడా కొలుత్తారేటి?"

"పెద్దలను పాతిన చోటని ఇతనన్నాడే."

ఆవిడ ఢిల్లీ వైపు చూసిన చూపును నమోదు చేయడం మర్యాద కాదు. ఒకే దిబ్బ ఒకే ఉదయం సమాధీ పెంటకుప్పా కావడంతో నా అనుమానం బలపడింది.

"నిజం చెప్పండి. ఎంతమందిని పాతారు?"

"ఎంతమందేటి, తోటంతా పాతీసినాం."

నేనొక అడుగు వెనక్కి వేశాను. "ఎప్పుడు?"

"తుపాను ఎలిపోయినాక."

"పోలీసులకు చెప్పారా?"

"పోలీసులకేటి పని? ఊరంతా పాతుకున్నారు. పాతకపోతే కొమ్ముపురుగు పట్టీదు."

విచారణ అక్కడ ఆగిపోయింది. కొమ్ముపురుగు కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో పెరిగి, బతికున్న కొబ్బరిచెట్ల మొవ్వు తింటుంది. మనుషుల జోలికి రాదు. తవిటమ్మ మామగారు వేసిన కొబ్బరిచెట్లను ఆ ఇంట్లో పెద్దోలు అంటారట. తుఫాను గాలికి పడిన పెద్దోలందరినీ ఒకచోటికి ఈడ్చి, మీద ఇసుక కప్పారు.

"మరి ఆ తోక?"

"ట్రాకటేరు ఎక్కిన దారి."

ఒక రాజవంశం అక్కడితో అంతరించింది.

మిగతాది ఆవిడే చెప్పింది. మొద్దులు మగ్గిపోయాయి గనుక దిబ్బను చదును చేసి కొత్త మొక్కలు నాటాలి. ఇంతలో ఎవరో ఈ దిబ్బ బొమ్మకు "ప్రాచీన సమాధి" అని పేరుపెట్టి ఫోన్లలో తిప్పారు. ఆ ఎవరో ఆదివారం నాడు పని ఉన్న వ్యక్తి అయి ఉండవచ్చు. కేసవుతుందన్న భయంతో పొక్లెయినరు ఆగింది.

"ఈ వానలు పోతే ఈ మొక్కలూ పోతాయి బాబూ. మల్లీ పెంచి కాపు సూసే వయసేటి నాది?"

ఇరుగుపొరుగు తోటలవాళ్లు నలుగురు పోగయ్యారు. "అపీసరుగోరు నోటితో సెప్తే తీత్తాను" అన్నాడు పొక్లెయినరు డ్రైవరు. అధికారిని కానని మరోసారి మనవి చేశాను. ఎవరూ పట్టించుకోలేదు. గత్యంతరం లేక గొంతు సవరించుకొని, "పరిశీలించితిమి. ఇది ప్రాచీనం కాదు. ఇందులో ఏమీ లేదు" అని ప్రకటించాను.

తవిటమ్మ సంతోషిస్తుందనుకున్నాను.

"ఏటీ నేదా? మమ్మల్ని సాకినోలు అందులో ఉంటే ఏటీ నేదంతారేటి?"

ప్రకటనను సవరించాను. "సమాధి అన్నది వాస్తవమే. ప్రాచీనం మాత్రం కాదు. వారసులు ఇక్కడే ఉన్నారు, ఇక ఏం చేయాలన్నది వారి ఇష్టం."

"అలాగ సెప్పండి" అంది.

ఇంజను మోగింది. తోకను వదిలి తలవైపు తవ్వితే నల్లటి పీచుమట్టి వచ్చింది. ఆవిడ దోసెడు తీసుకొని నలిపి చూసి, ఒక మొక్క మొదట్లో వేసింది.

తిరుగు ప్రయాణంలో ఆలోచించాను. నేను బావను, ఢిల్లీని, తవిటమ్మను అనుమానించాను. వాళ్లంతా నన్ను అనుమానించారు. అన్నిటిలోకీ సమంజసమైనది వాళ్ల అనుమానమే. ఎవరో వచ్చి భూమిని కొలవడం మొదలుపెట్టాక ఆ భూమి సొంతదారుకు ప్రశాంతంగా మిగిలిన సందర్భాలు నాకూ ఎక్కువగా గుర్తు రాలేదు. జపాను రాజుల దిబ్బలపై మొక్క పీకడానికైనా అనుమతి కావాలేమో, నాకు తెలియదు. ఇక్కడి పెద్దలు మాత్రం తవ్వితేనే పనికొస్తారు. వాళ్లను పాతిపెట్టినవాళ్లకు ఆ సంగతి మొదటినుంచీ తెలుసు.

వెళ్లదలచిన పాఠకులకు ఒక సూచన. ఉద్దానం తోటల్లో దిబ్బ కనిపిస్తే ఎవరిని పాతారని అడగకండి. ఏ తుఫానుకు పాతారని అడగండి. కూర్చోమని కొబ్బరిబొండాం ఇస్తారు.