సైకిలుకు పెట్టిన గంజి

మా తాత సైకిలు గురించి నేను చెప్పే మాటలు కాశిబుగ్గలో ఎవరూ నమ్మరు. డోర్నకల్ పోయే గూడ్సుబండితో అది పందెం వేసుకుందనీ, ఓడిపోయిన గార్డు సిగ్గుతో ఎర్రజెండా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడనీ చెబితే, "మొన్న పచ్చజెండా అంటివి గద" అని మా గల్లీవాళ్ళు అడ్డుపడతారు. జెండా రంగు మారితే పందెం అబద్ధమైపోతుందా? సరే, పందెం సంగతి వదిలేయండి. ఆ సైకిలుకు రంగు వేసిన సంగతి చెబుతాను. ఇందులో కోడి ఒక్కటే నా సొంతం. మిగతాదంతా జరిగిందే.

ఎనభైలు మొదలైన కొత్తలో మా ఇంట్లో మగ్గం ఆగిపోయింది. నూలు దొరకడం కష్టమైంది, నేసిన చీర అడిగేవాళ్ళు తగ్గారు. నేను అప్పటికే స్టేషన్ రోడ్డులో ఒక గుడ్డల దుకాణంలో చేరి, నేతగాడి కొడుకునై ఉండి మిల్లుబట్ట చింపి అమ్ముతున్నాను. మా బాపు ఒక్కడే అప్పటిదాకా లాక్కొచ్చాడు. చివరికి ఒక పొద్దున మగ్గం విప్పి, వర్ధన్నపేటలో ఉండే మా మేనత్త ఇంటికి పంపేశాడు. మేనత్త కొడుకు ఇంకా నేస్తున్నాడు.

"ఊకె పండవెట్టుడెందుకు? వాడన్న నేసుకుంటడు" అన్నాడు బాపు. ఎడ్లబండి గల్లీ మలుపు తిరిగేదాకా కూడా నిలబడలేదు. లోపలికి వచ్చి, మగ్గం ముందు కూర్చుని కాళ్ళు దించుకునే గుంటను తన చేత్తోనే మట్టితో పూడ్చాడు. దాని మీద నులకమంచం వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అంతే. తినడానికి లేచేవాడు, స్నానానికి లేచేవాడు. మాట లేదు. గడప దాటడం లేదు. దవాఖానకు పోదామంటే చెయ్యి విదిలించేవాడు. పెళ్ళిపిలుపులకు వచ్చినవాళ్ళు మంచం దగ్గర నిలబడి, పసుపు బియ్యం అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు.

"జొరం లేదు, నొప్పి లేదు" అంది అమ్మ ఒకరోజు, నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయి. "గుంట పూడిసిన అనుకుంటాండు గని, మనిషి ఆ గుంటల్నే ఉన్నడు బిడ్డా. నీ నోటికి ఊరంత నవ్వుతది గద. మీ బాపుతోని ఒక్క మాట మాట్లాడియ్యి, సూస్త."

నవ్వించడం నాకు చేతనయ్యేదే. ఎన్ని కోతలు కోశానో! దుకాణానికి వచ్చిన ఒక పహిల్వాన్ చొక్కాకు గుడ్డ తాను మొత్తం పట్టిందని చెప్పాను. గూడ్సుబండి కథ మళ్ళీ చెప్పాను, ఈసారి డ్రైవరు కూడా ఏడ్చాడు. బాపు వీపు కదల్లేదు.

అప్పుడు కంటపడింది సైకిలు. పెరట్లో తడికకు ఆనుకుని, తాత పోయినప్పటినుంచీ తుప్పు పట్టి ఉంది. అసలైన పాత ఉక్కు. ఇప్పటి సైకిళ్ళలాగా ఒక చేత్తో ఎత్తేది కాదు. తాత దాని క్యారియరు మీద చీరల మూట కట్టుకుని అంగళ్ళన్నీ తిరిగేవాడు. దాన్ని విప్పి మళ్ళీ బిగించాలని నాకు తట్టింది. నాకు ఆ పని రాదు. రాకపోవడమే నాకు కావలసింది. బాపు ఏదైనా భరిస్తాడు గాని చెడిన పనిని భరించలేడు. పక్కింట్లో ఎవరి మగ్గం మీదైనా పోగు వదులైతే, అన్నం ముందునుంచి లేచిపోయి సరిచేసి వచ్చే మనిషి. అలాంటి మనిషి కళ్ళముందు పని చెడగొడితే ఎంతసేపు పడుకుంటాడు?

దుకాణానికి సెలవైన ఆదివారం, మంచం మీదనుంచి సరిగ్గా కనిపించే చోట, వాకిట్లో సైకిలును తలకిందులుగా నిలబెట్టాను. నట్లు ఎదురు తిప్పాను. చైనును గాసునూనెలో వేయకుండా నీళ్ళలో వేశాను. చక్రం ఇరుసు విప్పితే ఉక్కు గోళీలు వాకిలంతా దొర్లాయి. ఒకటి మా కోడి మింగింది. మర్నాడు అది పెట్టిన గుడ్డు నేలమీద పెడితే ఆగకుండా గేటుదాకా దొర్లిపోయింది. ఆ సంగతి కూడా మంచానికి వినబడేలా చెప్పాను. బాపు నవ్వలేదు.

తరువాతి ఆదివారం గరుకుకాగితం పట్టుకుని రంగు గీకడం మొదలుపెట్టాను. పైన నలుపు. కింద ఆకుపచ్చ. అది కూడా పోయాక, హ్యాండిలు మెడ దగ్గర అరచేయంత నీలం బయటపడింది. తాత కొన్ననాటి రంగు. తల ఎత్తి చూద్దును కదా, బాపు గోడవైపు లేడు. ఇటు తిరిగి పడుకుని ఉన్నాడు. కళ్ళు ఆ నీలం మీద ఉన్నాయి. నేను చూడగానే మూసుకున్నాడు.

ఇక ఆగలేదు నేను. అమ్మను గంజి కాయమన్నాను. అటక మీదనుంచి కుంచె దించాను. కుంచె అంటే రంగులవాళ్ళ కుంచె కాదు. పడుగు పోగులను గల్లీ పొడవునా రెండు గుంజల మధ్య చాపి, గంజి పట్టించి దువ్వే పెద్ద కుంచె. మగ్గంతోపాటు అన్నీ పంపేసిన బాపు, ఆ కుంచెనూ గుంజలనూ మాత్రం పంపలేదు.

"గంజి ఎందుకురా?" అంది అమ్మ.

"నూలుకు గంజి పెడితెనే గద రంగు నిలిచేది. సైకిలుకు గూడ అంతే" అన్నాను, గట్టిగా.

గల్లీలో ఉండే కాక, బాపుకు పెదనాన్న కొడుకు, గోడ మీదనుంచి తొంగిచూశాడు. "ఓరి నీ తెలివి సల్లగుండ! ఇనుముకు గంజి పెడుతాండు! ఇస్త్రీ గూడ చెయ్యి బిడ్డా!"

గంజిలో కుంచె ముంచి ఫ్రేము మీద కిందినుంచి పైకి, పైనుంచి కిందికి, ఇష్టం వచ్చినట్టు రాయడం మొదలుపెట్టాను.

"కుంచె ఎదురు తిప్పుతడారా ఎవడన్న?"

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చేట అలాగే ఆగిపోయింది.

బాపు గడపలో నిలబడి ఉన్నాడు. ఇనుముకు గంజి ఎందుకని అడగలేదు. కుంచె ఎదురు తిరిగిందని లేచాడు. పడుగు మీద ఎదురు దువ్వితే పోగులు తెగుతాయి. ఆ భయం ఆయన చేతుల్లో పుట్టినప్పటినుంచీ ఉంది. వచ్చి నా చేతిలోంచి కుంచె లాక్కున్నాడు. నీళ్ళతో కడిగాడు, ముందు కుంచెను, తర్వాత సైకిలును.

"తెగేటందుకు దీనికి పోగులున్నయా బాపూ?" అన్నాను.

"నోరు మూయ్. గుంజలు ఏడున్నయి?"

పడుగు గుంజలు మళ్ళీ గల్లీలోకి వచ్చాయి. వాటి మధ్య తాళ్ళతో ఫ్రేమును వేలాడదీశాడు. నేను తెచ్చిన నీలం డబ్బాలోకి కొంచెం నలుపు, ఇంకా ఏదో, కలిపి కలిపి తాత రంగు వచ్చేదాకా ఊరుకోలేదు. చిన్న బ్రష్షుతో ఒకే వైపు వేశాడు. హ్యాండిలు దగ్గర మొదలుపెట్టి వెనక చక్రం దాకా ఒక్క ఊపు. ఫ్రేము అయిపోయినా ఆయన అడుగులు ఆగేవి కావు. ఖాళీ గాలిలో ఇంకా నాలుగడుగులు వేసి, అప్పుడు తెలిసి వెనక్కి వచ్చేవాడు. పడుగు గల్లీ చివరిదాకా ఉండేది మరి.

జనం పోగయ్యారు. "అన్నా, ఎన్ని గజాలొస్తది ఈ సైకిలు?" అన్నాడు కాక.

"నీ పెండ్లాం చుట్టుకునేటంత" అన్నాడు బాపు. గల్లీ అంతా నవ్వింది. అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

ఆరిన తర్వాత మడ్‌గార్డుకు అంచు వేశాడు. పసుపు రంగులో తడిపిన నూలుపోగును బిగలాగి ఇటో గీత, అటో గీత అద్దాడు. మా సైకిలు అంచుచీర కట్టుకుంది. స్పోకులు బిగిస్తూ ఒక్కొక్కదాన్నీ వేలితో మీటి వినేవాడు. కొత్త టైర్లు, కొత్త సీటు. గంట మాత్రం తాతదే. నేను చేసింది ఎవరికీ అక్కర్లేని సలహాలివ్వడం, తిట్లు తినడం. ఇన్ని తిట్లు తిని ఇంత సంతోషపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను.

ఆ పై ఆదివారం పొద్దున్నే లేచి చూస్తే సైకిలు లేదు, బాపు లేడు. కూరగాయలకు పోయి ఉంటాడనుకున్నాం. ఎండ నెత్తికెక్కింది. అమ్మ అన్నం వండి మూత పెట్టింది. పెరట్లో బావి దగ్గరికి పోయి ఒకసారి లోపలికి చూసి వచ్చింది. నేను కాశిబుగ్గ చౌరస్తా దాకా, స్టేషను దాకా తిరిగి వచ్చాను. ఎవరూ చూడలేదన్నారు.

పొద్దు వాలుతుండగా గల్లీ మొదట్లో తాత గంట మోగింది.

"ఏడికి పోయినవయ్యా?" అంది అమ్మ.

"కోటకు."

"పొద్దటి సంది కోటలనే ఉన్నవా? ఏమున్నయి అక్కడ?"

"రాళ్ళున్నయి" అన్నాడు బాపు, సైకిలు గోడకు ఆనిస్తూ.

అబద్ధాల్లో నాకు కొంత అనుభవం ఉంది. చెప్పేవాడు నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి. జెండా ఉండాలి, గార్డు ఉండాలి. రెండే మాటలతో అబద్ధం నిలబడదు. అందులోనూ బాపు కనుబొమ్మల నిండా తెల్లటి నూగు ఉంది. మగ్గం పక్కన కూర్చుంటే పడే నూలునూగు. మణికట్టు మీద ఎండిన గంజి పొక్కులు లేచి ఉంది. కోటలో రాళ్ళకు గంజి ఎవరు పెడతారు?

అమ్మ నన్ను చూసింది. నేను అమ్మను చూశాను.

"నీళ్ళు కాగినయి, పో" అని మాత్రం అంది.

అన్నం తింటూ బాపు ఎవరితోనో అన్నట్టు అన్నాడు: "పోరడు మంచిగనే నేస్తాండు. చెయ్యి కొంచెం తొందర."

ఏ పోరడని మేము అడగలేదు. మగ్గం ఎవరి ఇంటికి పోయిందో ముగ్గురికీ తెలుసు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం బాపు కోటకు పోయేవాడు. మిగతా రోజులు గల్లీలో మనిషయ్యాడు. మాట్లాడాడు, పెళ్ళిళ్ళకు పోయాడు, కాకను తిట్టాడు. ఒకసారి నేనే ఉండబట్టలేక, "ఈ వారం భద్రకాళి చెరువని చెప్పు బాపూ, కోట పాతగైంది" అన్నాను. చెయ్యెత్తాడు, కొట్టలేదు. పెదవి కొసన ఏదో కదిలింది.

ఇప్పుడు బాపు లేడు. మేనత్త ఇంట్లో మగ్గమూ లేదు, ఆ గదిలో కిరాణా కొట్టు పెట్టారు. సైకిలు నా దగ్గరుంది. పసుపు అంచు చాలావరకు పోయింది. ఎవరైనా మళ్ళీ రంగు వేయిద్దామంటే నేను ఒప్పుకోను. ఆయన ఊపు ఆ నీలంలో ఇంకా ఉంది, హ్యాండిలునుంచి వెనక్కి, ఒకే వైపు.

కొన్ని ఆదివారాలు పొద్దున్నే దాన్ని తీస్తాను. వర్ధన్నపేట దారి పట్టి, మోకాళ్ళు ఒప్పుకున్నంత దూరం పోయి, చెట్టు కింద కాసేపు కూర్చుని వెనక్కి తిరుగుతాను. ఎక్కడికి పోయావని మా ఇంటావిడ అడుగుతుంది. ఊరందరికీ జెండాలూ గార్డులూ పెట్టి చెప్పే నాకు, అప్పుడు రెండు మాటలకు మించి రావు.

"కోటకు" అంటాను.